అమ్మ మోకాళ్ళు, నాన్న పంతం, తైషాన్ మెట్లు

ప్రశ్న: అక్కా, నేను చైనాలోని జినాన్‌లో మెడిసిన్ చదువుతున్నాను. సెప్టెంబరు చివర్లో అమ్మానాన్నా గుంటూరు నుంచి వచ్చి నెల రోజులు నా దగ్గర ఉంటారు. ఇంత దూరం వచ్చాక వాళ్ళకి తైషాన్ కొండ చూపించకుండా పంపించడం నాకు ఇష్టం లేదు. అక్టోబరు 1 నుంచి మాకు వారం రోజులు సెలవులు కాబట్టి అప్పుడే వెళ్దామనుకుంటున్నాను. మా క్లాస్‌మేట్స్ అందరూ రాత్రి పదకొండుకి కింద మొదలుపెట్టి, తెల్లారేసరికి పైకి చేరి సూర్యోదయం చూసి వస్తారు. మేమూ అలాగే చేద్దామని ఉంది. నాన్నకి 59. షుగర్ ఉంది గానీ రోజూ అయిదు కిలోమీటర్లు నడుస్తారు. కేబుల్ కారులో వెళ్తే ఎక్కినట్టే కాదంటున్నారు. అమ్మకి 55, మోకాళ్ళ నొప్పులు, పూర్తి శాకాహారి. "నేనూ ఎక్కుతాను" అంటోంది గానీ నాకే టెన్షన్‌గా ఉంది. ఎలా ప్లాన్ చేసుకోవాలి?
(ఒక పాఠకురాలు, జినాన్)

జవాబు: ముందు రెండు మాటలు గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకు. అక్టోబరు మొదటి వారంలో వెళ్ళొద్దు. అమ్మని తీసుకుని రాత్రిపూట ఎక్కొద్దు. ఈ రెండూ మార్చుకుంటే మిగతాదంతా సులువుగానే కుదురుతుంది.

నీకు సెలవులిచ్చిన వారమే దేశం మొత్తానికీ సెలవులు. నువ్వు అక్కడే ఉంటున్నావు కాబట్టి ఆ రోజుల్లో స్టేషన్లు ఎలా ఉంటాయో నీకు తెలుసు. అదే జనాన్ని మనిషి వెనక మనిషి నడిచే రాతి మెట్ల మీద ఊహించుకో. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి కొండ మీద ముఖ్యంగా కావలసింది, అలిసిపోయిన చోటే ఆగి నిలబడే వీలు. వెనక నుంచి జనం తోసుకొస్తుంటే ఆ వీలు ఉండదు. పది మెట్లకోసారి ఆగాలనుకునే మనిషి కూడా మొహమాటపడి ఎక్కేస్తుంది, ఆ సాయంత్రం నుంచి నాలుగు రోజులు మంచం దిగలేదు. మీ అమ్మగారు "నేనూ ఎక్కుతాను" అన్నారంటేనే ఆవిడ అలాంటి మనిషని నాకు అర్థమైంది.

జినాన్ నుంచి కొండ కింది ఊరు తైఆన్‌కి హైస్పీడ్ రైల్లో అరగంట కూడా పట్టదు. అంత దగ్గర్లో ఉండి సెలవుల కోసం ఎందుకు చూడటం? అక్టోబరు 10 దాటాక మంగళ, బుధవారాలు గానీ బుధ, గురువారాలు గానీ చూసుకుని, కాలేజీలో రెండు రోజులు పర్మిషన్ అడుగు. ఆ రోజులకి వానాకాలం మంచు తెరలు పోయి ఉంటాయి, చలి ఇంకా ముదరదు. ఒక్క తేదీ మాత్రం క్యాలెండర్‌లో చూసి తప్పించు. వాళ్ళ చాంద్రమానంలో తొమ్మిదో నెల తొమ్మిదో రోజున చోంగ్‌యాంగ్ పండగ వస్తుంది. ఆ రోజు ఎత్తైన చోటు ఎక్కడం వాళ్ళ ఆచారం, మామూలు రోజైనా కొండ నిండిపోతుంది. రైలు టికెట్ తీసేటప్పుడు ఇంకో చిన్న జాగ్రత్త. హైస్పీడ్ రైళ్ళు ఆగేది తైఆన్ స్టేషన్‌లో. తైషాన్ పేరుతో ఉన్న స్టేషన్ పాత లైను మీదిది. పేరు చూసి పొరపాటున అది తీసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇక రాత్రి ఎక్కే సంగతి. నేను మొదటిసారి తైషాన్ అలాగే ఎక్కాను. జూన్ నెల, రాత్రి పదకొండున్నరకి, కింద మెట్ల దారి మొదలయ్యే హోంగ్‌మెన్ దగ్గర బయలుదేరాం. చేతిలో టార్చి, ముందు నడిచేవాళ్ళ మడమలు, ఇంకో మెట్టు, ఇంకో మెట్టు. నాలుగు గంటలకి పైకి చేరాం. చెమటకి తడిసిన చొక్కా మీద గాలి కొట్టి పళ్ళు టకటకలాడాయి. మిలిటరీ రంగు దూది కోటు అద్దెకి తీసుకుని, వందల మంది మధ్య ఒక బండ మీద కూర్చున్నాం. అయిదవుతుండగా చీకటి తెల్లబడింది, అంతే. పొగమంచులో ఎదుటి బండ కూడా కనపడలేదు. సూర్యుడు ఎప్పుడు వచ్చాడో ఎవరికీ తెలియదు. దిగేటప్పుడు కాళ్ళు వణికిపోయి, ప్రతి మెట్టుకీ గోడ పట్టుకున్నాను. ఇంటికెళ్ళాక ఏం చూశావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

రెండేళ్ళ తర్వాత అదే దారిలో పగలు వెళ్ళాను. అప్పుడు తెలిసింది, ఆ రాత్రి నేను ఏమేం దాటుకుంటూ పోయానో. హోంగ్‌మెన్ దాటి కొంత దూరం ఎక్కాక దారి పక్కకి చీలి ఒక వాగు దగ్గరికి వెళ్తుంది. ఆ చోటు పేరు జింగ్‌షియూ, అంటే సూత్రాల రాతిలోయ. వాగు అడుగున పరుచుకున్న బండ మీద 6వ శతాబ్దంలో వజ్రచ్ఛేదిక ప్రజ్ఞాపారమిత సూత్రం అనే బౌద్ధ గ్రంథాన్ని చెక్కారు. ఒక్కో అక్షరం మూరెడు ఉంటుంది. నీళ్ళకీ ఎండకీ అరిగిపోగా ఇంకా వెయ్యికి పైగా అక్షరాలు మిగిలాయి. సంస్కృతంలో పుట్టి, కుమారజీవుడి చేతిలో చైనీస్‌గా మారిన సూత్రం అది. ప్రజ్ఞాపారమిత గ్రంథాలని నాగలోకం నుంచి తెచ్చాడని బౌద్ధులు చెప్పుకునే ఆచార్యుడు నాగార్జునుడే. ఆయన పేరు మోసే కొండ మీ గుంటూరుకి ఎంతో దూరం లేదు. వాళ్ళ భాషలో ఆయన్ని లోంగ్‌షు అంటారు. ఆ బండ పక్కన కూర్చున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. రాత్రి వచ్చినప్పుడు దాని పక్క నుంచే వెళ్ళాను, అలాంటిది ఒకటి ఉందని కూడా తెలియకుండా.

అందుకే అంటున్నాను, రాత్రి ఎక్కడం ఇరవై ఏళ్ళ పిల్లలకి బాగుంటుంది. నువ్వు ఫ్రెండ్స్‌తో ఇంకోసారి వెళ్ళు. అమ్మానాన్నలకి చూపించాలంటే పగలే చూపించాలి. సూర్యోదయం ఒక్కదాని మీదే ప్రయాణం మొత్తం పెట్టకు. అది కనపడితే అదృష్టం, కనపడకపోయినా వాళ్ళు నిండుగా తిరిగొచ్చేలా ప్లాన్ చెయ్యి.

నా లెక్కలో ఇది రెండు పగళ్ళు, ఒక రాత్రి పని. మొదటి రోజు ఉదయమే జినాన్‌లో బయలుదేరి, తైఆన్‌లో దిగగానే ఊళ్ళో ఉన్న దైమియావ్‌కి వెళ్ళండి. తైషాన్ దేవుడి గుడి అది. చక్రవర్తులు కొండెక్కే ముందు ఇక్కడే పూజ చేసేవారు. అంతా చదునైన నేల కాబట్టి అమ్మకి కష్టం ఉండదు. హాన్ వంశపు రాజుల కాలం నాటివని చెప్పే సైప్రస్ చెట్లున్నాయి, బెరడు మెలికలు తిరిగి తాళ్ళు పేనినట్టు ఉంటుంది. పెద్ద మండపం లోపలి గోడల మీద తైషాన్ దేవుడి ఊరేగింపు బొమ్మలు చూడండి. బయలుదేరేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు, పరివారంతో సహా. మన గుళ్ళలో ఉత్సవ విగ్రహం ఊరేగింపు చూసిన మీ అమ్మగారికి నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు. గంట చాలు, మరీ ఎక్కువసేపు తిరగనివ్వకు, కాళ్ళు పైకి దాచుకోవాలి.

అక్కడి నుంచి తియెన్‌వైత్సున్‌కి టాక్సీలో వెళ్ళి, కొండ బస్సెక్కండి. ఆ బస్సు జోంగ్‌తియెన్‌మెన్ దాకా తీసుకెళ్తుంది. అంటే నడిమి స్వర్గద్వారం, సుమారు 850 మీటర్ల ఎత్తు. కొండ ఎంట్రీ టికెట్ 115 యువాన్లు, కేబుల్ కారు మనిషికి ఒక వైపుకి 100, బస్సు వేరే. వెళ్ళే వారంలో ఒకసారి ధరలూ, ఆఖరి కేబుల్ కారు టైమూ ఫోన్‌లో చూసుకో. గాలి గట్టిగా ఉంటే కేబుల్ కారు ఆపేస్తారు, అదీ చూసుకో. అందరివీ ఒరిజినల్ పాస్‌పోర్టులు ఉండాలి, ఫొటో పనికిరాదు.

జోంగ్‌తియెన్‌మెన్ దగ్గర మీరు రెండు జట్లుగా విడిపోండి. నువ్వూ అమ్మా కేబుల్ కారులో. నాన్న మెట్ల మీద, ఒక్కరే.

నీకు భయం వేస్తుందని తెలుసు. కానీ ఆలోచించు. భాష రాని చోట అమ్మని ఒక్కర్తినీ కూర్చోబెట్టడం కంటే, నాన్నని ఒక్కరినీ నడవనివ్వడం నయం. ఆ దారి ఒకటే, తప్పిపోవడానికి పక్కదారులు లేవు, ముందూ వెనకా ఎప్పుడూ మనుషులుంటారు. ఆయన ఎక్కేది సగం కొండే అయినా అసలు కొండ ఆ సగమే. షిబాపాన్, అంటే పద్దెనిమిది మెలికలు, ఆ భాగంలోనే ఉంది. 1,600కి పైగా మెట్లు, కిలోమీటరు లోపు దూరంలో 400 మీటర్లు నిలువుగా ఎక్కాలి. అది ఎక్కిన మనిషిని ఎక్కలేదని ఎవరూ అనరు. హోంగ్‌మెన్ నుంచి మొత్తం ఆరేడు వేల మెట్లు ఎక్కితీరాలని పట్టుబడితే, రెండోరోజు అమ్మతో నడవడానికి ఆయనకి ఓపిక మిగలదని చెప్పు. పంతం ఉన్న మనిషికి కారణం చెప్తే వింటారు, వద్దంటే వినరు.

ఆయన జేబులో ఒక కాగితం పెట్టు. పేరు, షుగర్ ఉందన్న సంగతి, నీ ఫోన్ నంబరు చైనీస్‌లో రాసి. నీ దగ్గర పాత ఫోన్ ఉంటే సిమ్ వేసి, వీచాట్‌లో లొకేషన్ నీకు కనపడేలా పెట్టి ఇవ్వు. చిక్కీలు, గ్లూకోజ్ ప్యాకెట్, నీళ్ళు ఆయన సంచీలోనే ఉండాలి, నీ సంచీలో కాదు. దారిలో వూదాఫు పైన్ చెట్ల దగ్గర ఆగి ఫోన్ చెయ్యమను. క్రీ.పూ. 219లో చిన్ షి హువాంగ్ చక్రవర్తి కొండెక్కుతుంటే వాన పట్టుకుందట. ఒక చెట్టు కింద తలదాచుకుని, ఆ చెట్టుకి వూదాఫు అనే రాజోద్యోగి హోదా ఇచ్చాడట. ఇప్పుడున్నవి చాలా తర్వాత నాటిన చెట్లు, పేరు మాత్రం అదే. అక్కడి నుంచి ఊపిరి ఎలా ఉందో ఆయన గొంతులోనే నీకు తెలుస్తుంది. ఇబ్బందిగా ఉంటే వెనక్కి జోంగ్‌తియెన్‌మెన్‌కి దిగి కేబుల్ కారెక్కేయమను. ఆ చెట్లు దాటితే మెలికల మధ్యలో తిరిగి దిగడం ఎక్కడం కంటే కష్టం.

ఎక్కే పద్ధతి ఒకటి ఆయనకి చెప్పు. నేను కొండ మీద సామాను మోసే కూలీల దగ్గర నేర్చుకున్నాను. అచ్చం మన కావడిలాంటి బద్దకి రెండు వైపులా నీళ్ళ సీసాలు, కూరగాయలు, సిమెంటు కట్టుకుని ఎక్కుతారు. వాళ్ళు మెట్లని నిటారుగా ఎక్కరు. ఎడమ అంచు నుంచి కుడి అంచుకి ఏటవాలుగా వెళ్తారు, అంచు రాగానే బద్దని మెడ మీదుగా రెండో భుజం మీదికి తిప్పుకుంటారు, మళ్ళీ ఏటవాలుగా ఇటు. దూరం పెరుగుతుంది, కానీ ఒక్కో అడుగుకి మోకాలి మీద పడే బరువు తగ్గుతుంది. ఒకాయన వెనకాలే నూరు మెట్లు అలా నడిచి చూశాను. ఆయన తల ఎత్తి పైనున్న ద్వారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మీ నాన్నగారిని కూడా చూడొద్దని చెప్పు, ముఖ్యంగా చివరి భాగంలో. ఆ ఎర్రటి ద్వారం ఇదిగో వచ్చేసిందన్నట్టు కనపడుతూనే ఉంటుంది, ఎంతకీ రాదు.

రెండున్నర గంటలు పడుతుందనుకో. ఆలోపు నువ్వూ అమ్మా నాన్‌తియెన్‌మెన్ దగ్గరికి, అంటే దక్షిణ స్వర్గద్వారానికి చేరి, ఎండలో కూర్చుని ఉండండి. కేబుల్ కారు దిగిన చోటు నుంచి అది దగ్గరే. ఆయన ఆఖరి మెట్టు ఎక్కేటప్పుడు మీ అమ్మగారు అక్కడ ఉండాలి. ఈ ప్రయాణంలో ఫొటో తీసి దాచుకోవలసింది అదే.

ఇప్పుడు అమ్మ సంగతి. కేబుల్ కారు ఎక్కేశాం కదా ఇక మెట్లు ఉండవని ఆవిడకి చెప్పకు. నాన్‌తియెన్‌మెన్ ఎత్తు 1,460 మీటర్లు, శిఖరం 1,500 మీటర్ల పైచిలుకు. మధ్యలో స్వర్గవీధి అనే చదును బజారు, ఆ తర్వాత అక్కడక్కడా మెట్లు. కర్ర కింద ఊళ్ళోనే కొను, మోకాలి పట్టీలు వేసుకోమను. ఊపిరాడకపోవడం లాంటి భయం అక్కర్లేదు, అంత ఎత్తు కాదు.

శిఖరం కంటే ముందు బీషియా దేవి గుడి వస్తుంది. మీ అమ్మగారికి ఈ కొండ మీద ఒక్కటే చూపించగలిగితే ఇది చూపించు. జనం ఆవిడని తైషాన్ నైనై అంటారు, తైషాన్ నాయనమ్మ అని. పిల్లలు కావాలని, కడుపులో బిడ్డ క్షేమంగా ఉండాలని, జబ్బు తగ్గాలని ఆడవాళ్ళు శతాబ్దాలుగా ఆవిడ దగ్గరికి ఎక్కుతున్నారు. పుస్తకాల్లో తైషాన్ గురించి ఎక్కడ చూసినా చక్రవర్తులే ఉంటారు. చిన్ షి హువాంగ్ వచ్చాడు, క్రీ.పూ. 110లో హాన్ వూ చక్రవర్తి వచ్చాడు, స్వర్గానికీ భూమికీ ఫెంగ్‌షాన్ అనే మహాయజ్ఞం చేశారని. ఆ యజ్ఞం చివరిసారి జరిగింది 1008లో, సోంగ్ వంశపు జెన్‌జోంగ్ చక్రవర్తితో సరి. నాయనమ్మకి దండం పెట్టుకోవడం మాత్రం ఇవాళ పొద్దున కూడా జరిగింది. నేను వెళ్ళిన రోజున ఒక ముసలావిడ ఎర్రగుడ్డలో కట్టిన ఆపిల్ పళ్ళు విప్పి, ఒక్కోటీ కొంగుతో తుడిచినట్టు చొక్కా అంచుతో తుడిచి దేవి ముందు పెట్టింది. పక్కనే కోడలు అనుకుంటా, చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. నాకు భాష సరిగ్గా రాదు అప్పటికి. అక్కడ ఏం జరుగుతోందో అర్థం కావడానికి భాషతో పని పడలేదు.

గుడి పైకప్పు చూపించు. కొండ మీది గాలికి మట్టి పెంకులు ఆగవని పెద్ద మండపానికి కంచు పెంకులు, పక్కవాటికి ఇనుప పెంకులు వేశారు. లోపల దేవి ఎదురుగా ఫొటోలు తియ్యొద్దు. గడప తొక్కకూడదు, దాటాలి. ఇది మీ అమ్మగారికి ఎవరూ నేర్పక్కర్లేదు, నీకు చెప్తున్నాను. గుడి పైన కొండచరియ మీద తాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ 726లో చెక్కించిన శాసనం ఉంది, 13 మీటర్ల ఎత్తు, వెయ్యి దాకా అక్షరాలు, బంగారు పూత. సాయంత్రం ఎండ పడ్డప్పుడు చూడండి. ఓపిక ఉంటే శిఖరం మీద ఒక్క అక్షరం కూడా లేని నిలువురాయి చూసి రండి. ఎవరు నిలబెట్టారో ఇప్పటికీ వాదనే. కొండ నిండా రాతలు చూసి వచ్చాక ఆ ఖాళీ రాయి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. దగ్గర్లోనే ఒక బండ దగ్గర ఫొటోల కోసం క్యూ ఉంటుంది, అయిదు యువాన్ల నోటు వెనక ఉన్నది ఈ కొండే కాబట్టి చాలామంది నోటు పట్టుకుని ఫొటో దిగుతారు. క్యూ పెద్దగా ఉంటే వదిలెయ్యండి.

రాత్రికి పైనే ఉండండి. పైన గదులు ఖరీదు, సౌకర్యం కింద హోటల్‌తో పోలిస్తే తక్కువ. అయినా ఖర్చు పెట్టు. అమ్మ మోకాళ్ళకి రాత్రంతా విశ్రాంతి దొరుకుతుంది, తెల్లవారుజామున పావుగంట నడిస్తే చాలు. గది ఎంచుకునేటప్పుడు గది ఫొటోలు కాదు, సూర్యోదయం చూసే శిఖరానికి ఎంత దూరమో, మధ్యలో ఎన్ని మెట్లో ఫోన్ చేసి అడుగు. విదేశీ పాస్‌పోర్టులతో దిగనిస్తారా అనీ ముందే అడిగి రాయించుకో. అక్టోబరు మధ్యలో సూర్యుడు ఆరు దాటాకే వస్తాడు, అయిదుంబావుకి గది వదిలితే చోటు దొరుకుతుంది. కింద స్వెటర్ చాలనిపించే రోజున కూడా పైన గాలికి చెవులు నొప్పి పెడతాయి. మంకీ క్యాప్, సాక్సులు, శాలువా తప్పనిసరి. కోట్లు అద్దెకి దొరుకుతాయి, మీ అమ్మగారు ఇతరులు వేసుకున్నవి వేసుకోనంటే మాత్రం ముందే ఏర్పాటు చేసుకో.

తిండికి మరీ కంగారు పడకు. తైఆన్ వాళ్ళు తమ ఊరి మూడు రుచులని గొప్పగా చెప్పుకునేవి క్యాబేజీ, టోఫు, నీళ్ళు. క్యాబేజీ టోఫు కూర అడగండి, కానీ మాంసం పులుసులో ఉడికించారా అని ఒకటికి రెండుసార్లు అడుగు, కూరలో ముక్క కనపడకపోతే శాకాహారమనే అనుకుంటారు చాలామంది. దారిలో జియెన్‌బింగ్ దొరుకుతుంది, కాగితంలా పల్చని అట్టు, ఉల్లికాడ పెట్టి చుడతారు. అది నమలడానికి గట్టిగా ఉంటుంది గానీ ఆకలికి బాగా నిలుస్తుంది. ముందురోజు రాత్రి హాస్టల్లో పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకో. వేడినీళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి, ఫ్లాస్కు ఉంటే చాలు.

దిగేటప్పుడు ముగ్గురూ కేబుల్ కారులోనే దిగండి, నాన్న కూడా. మోకాళ్ళు పాడయ్యేది దిగేటప్పుడే, ఈ ఒక్క విషయంలో పంతాలకి తావివ్వకు. జోంగ్‌తియెన్‌మెన్ దగ్గర బస్సెక్కి తియెన్‌వైత్సున్‌లో దిగాక, నాన్నకి ఇంకా హుషారుంటే టాక్సీలో హోంగ్‌మెన్‌కి వెళ్ళండి. అమ్మ టీకొట్టు దగ్గర నీతో కూర్చుంటుంది, ఆయన జింగ్‌షియూ దాకా వెళ్ళి ఆ అక్షరాలు చూసి వస్తారు. లేదంటే ఫ్రెండ్స్‌తో వెళ్ళేటప్పుడు పగటి వెలుగులో నువ్వు చూసి, వాళ్ళకి ఫొటోలు పంపు.

ఇవాళే చెయ్యవలసిన పని ఒకటుంది. పైన గదులు కొన్నే, కాబట్టి తేదీ అనుకోగానే ముందు గది బుక్ చెయ్యి. అది దొరికిన తేదీని బట్టి కాలేజీలో పర్మిషన్ అడుగు, ఆ తర్వాత రైలు టికెట్లు తియ్యి.